కాలవలో పడ్డ కండెలు

కాస్త ముందుకు జరగండమ్మా, వెనకవాళ్లకీ వినబడాలి. ముందుగా మరియమ్మ తల్లికి ఒక దణ్ణం. ఇది ఆ తల్లి ముసుగు కథే కదా.

బెల్జియం దేశపు బ్రూజ్ ఊళ్లో, గాలిమరల వైపు పోయే ఇరుకు సందులో ఇద్దరు తోడికోడళ్లు. పెద్దామె మాక్టెల్డ్, చిన్నామె గోడెలీవ. ఎదురెదురు గుమ్మాలు. ఇద్దరిదీ లేసు పనే. ఒళ్లో దిండు, దాని నిండా గుండుసూదులు, దారాలకు వేలాడే కొయ్య కండెలు. పొద్దస్తమానం టిక్కు టిక్కు.

ఊరు చూడవచ్చిన జనం పడవలు దిగి ఆ సందులోకి వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లంతా గోడెలీవ గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్లు. ఆమె అల్లే లిల్లీ పువ్వు ఆ పేటలో మరొకరి చేతికి రాలేదు. మాక్టెల్డ్‌కి కనబడేవి వాళ్ల వీపులు. ముప్పై ఏళ్లు ఆ వీపులే చూసింది.

"ఏమే, వేళ్లకి తేనె గానీ రాసుకుంటున్నావా? ఈగల్లా ముసురుతున్నారు!"

"రోజూ కాఫీకి నా ఇంటికే వస్తావుగా అక్కా, నువ్వూ ఈగవే మరి!"

అలా నవ్వుతూ ఎడమ బొటనవేలు ఊపేది గోడెలీవ. చిన్నప్పుడు తలుపు సందులో పడి నలిగిన గోరు. ఆ నలుపు ఇక పోనేలేదు. జనం ఆ గోరుకి కూడా ఫొటోలు తీసుకునేవాళ్లు. ఆ నల్లగోరు మీద కూడా కుళ్లుకుంది మాక్టెల్డ్!

చలికాలం మొదట్లో గోడెలీవ జబ్బుపడి, దిండుతో సహా పక్కూరు దామ్మెలోని పుట్టింటికి చేరింది. మళ్లీ లేవలేదు. ఆరోహణ పండుగ ఊరేగింపులో మాత విగ్రహానికి వెయ్యాల్సిన ముసుగు ఇంకా జానెడు మిగిలిపోయింది.

"నువ్వే పూర్తి చెయ్యి అక్కా. నా దారాలు తెంపకు. నీ దారం వాటికి ముడివెయ్యి. గుళ్లో ఇద్దరి పేర్లూ చదివించు," అంది కడసారి.

అక్కడి లేసువాళ్ల పట్టింపు అది. పోయినవాళ్ల దారానికి కత్తెర తగలకూడదు.

సమాధి చేసిన మర్నాడు మధ్యాహ్నం, ముసుగుతో ఉన్న గోడెలీవ దిండుని సైకిలు వెనక కట్టుకుని, దామ్మె నుంచి కాలవ గట్టున ఇంటికి బయల్దేరింది మాక్టెల్డ్. ఒకటే పొగమంచు. గట్టు మీది పొడుగు చెట్లకి మొదళ్లే ఉన్నాయి, తలలు లేవు. దుంపలు తవ్విన చేలలోంచి తడిమట్టి వాసన. వెనక కండెలు టిక్కు టిక్కుమంటున్నాయి. గతుకులకి కాబోలు అనుకుంది.

దిగి నిలబడింది.

టిక్కు... టిక్కు...

గాలి లేదు. సైకిలు కదలడం లేదు. కండెలు మాత్రం ఒకదాన్నొకటి దాటుకుంటున్నాయి... నిదానంగా, అలవాటైన చేతుల కింద ఆడినట్టు.

అప్పుడు జపమాల తీసి ఉంటే బాగుండేదమ్మా. మనిషి భయాన్నైనా దాటుతుంది గానీ కుళ్లుని దాటలేదు.

"చచ్చినా నీ గొప్పేనటే?" అని పళ్లు కొరికి, సంచిలో కత్తెర తీసింది. దారాలన్నీ కసకసా తెంపేసింది. కండెలు కాలవలోకి విసిరేసింది.

చప్పుడు ఆగిపోయింది.

ఇంటికొచ్చి, తన కండెలు కట్టుకుని అల్లిక మొదలుపెట్టింది. మూడో వరసలో... వేళ్ల కింద లిల్లీ విచ్చుకుంది. ముప్పై ఏళ్లు రాని లిల్లీ! సంతోషంతో ఏడ్చింది పాపం. ఇంకొకటి. ఇంకొకటి. ఆకలేసి లేవబోయింది.

చేతులు లేవలేదు.

అల్లుతూనే ఉన్నాయి. గదంతా కాలవనీటి వాసన. కిందికి చూసింది. కట్టెల పొయ్యి పక్కన, పొడి గదిలో... తన కండెలు తడిసి కారుతున్నాయి.

జానెడూ పూర్తయ్యాకే చేతులు ఆగాయి.

అయినా ఆమె ఎవరికీ చెప్పలేదు. పండుగనాడు ఫాదర్‌గారు గుళ్లో ఒక్క పేరే చదివారు. మాక్టెల్డ్. అలాగే చదవమని ఆమే చెప్పింది. ఊరేగింపు అవగానే జనం వచ్చి ఆమె గుమ్మం ముందు మూగారు. ఈసారి వీపులు కాదు, ముఖాలు. "ఒక్కసారి మీ చేతులు చూపించండమ్మా!" అని బతిమాలారు. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట. చాపింది.

గుంపులోంచి సిస్టర్ వాల్బర్గ ముందుకొచ్చింది. దామ్మె నుంచి వచ్చిన ముసలి కన్యస్త్రీ. గోడెలీవకి ఆఖరి స్నానం చేయించి, పెట్టెలో పడుకోబెట్టింది ఆవిడే. దీవిద్దామని ఎడమచెయ్యి పట్టుకుంది. అలాగే ఉండిపోయింది.

బొటనవేలి గోరు... నల్లగా ఉంది.

"అమ్మాయ్," అంది గుసగుసగా, "ఈ చెయ్యి నాకు తెలుసు. పెట్టె మూసేముందు దీనికి జపమాల బిగించి చుట్టింది నేనే."

"ఛ, ఏం మాటలు సిస్టర్! ఇది నా చెయ్యే..."

సిస్టర్ సిలువ గుర్తు వేసుకుని, ఆమె చొక్కా చేతిని మెల్లగా పైకి జరిపింది.

మణికట్టు చుట్టూ, చల్లటి చర్మంలోకి అదిమినట్టు, వరసగా పూసల గుంటలు.