ఎర్ర కోటు ఒప్పుకుంది

పొద్దున ఆరున్నరకి వంటింట్లో అలారం మోగింది. పొయ్యి మీద ఏదో ఉందని కాదు, ఇల్లాలు టీ తాగడానికి డ్రైవరు ఇచ్చిన గడువు తీరిందని. తన గ్లాసు ఆయన ఎప్పుడో ఖాళీ చేసేశాడు. అద్దెకారు తాళం వేలికి తగిలించుకుని తిప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"నత్తా! టీ తాగుతున్నావా, అందులో ఈదుతున్నావా?"

ఇల్లాలు లేచింది. మిగిలిన సగం సింకులో పారబోసి గ్లాసు కడిగి బోర్లించింది. పెళ్ళయిన ఇరవై ఐదేళ్ళలో ఆవిడ చివరి గుక్క దాకా తాగిన టీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

హాల్లో అట్టపెట్టెలు టేపులు వేసుకుని సిద్ధంగా ఉన్నాయి. ఇంకో నాలుగు రోజుల్లో సొంత ఊరికి విమానం. పరాయి దేశంలో ఇరవై రెండేళ్ళ కాపురం ఆ పెట్టెల్లోకి ఎక్కేసింది. ఆయన ఇక్కడ యాత్రికుల బస్సు నడిపాడు. కోటలు, వంతెనలు, జలపాతాలు, ఊరందరికీ తిప్పి చూపించాడు. కట్టుకున్నదానికి ఒక్కటీ చూపించలేదు. "పోయే ముందైనా అమ్మని తిప్పు నాన్నా, పుణ్యముంటుంది" అని కూతురు పోరుపెట్టి, కారు కూడా తనే మాట్లాడి పెట్టింది. పిల్ల ఇక్కడే పుట్టింది, ఇక్కడే పళ్ళ డాక్టరు దగ్గర పనిలో చేరింది, ఇక్కడే ఉండిపోతోంది.

సరేనన్నాడు డ్రైవరు. ఒక్క రోజులో నాలుగు చోట్లు, చోటుకి పన్నెండు నిమిషాలు అని కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించాడు. డిపోలో ఆయన మారుపేరే 'పన్నెండు నిమిషాలు'. పదమూడో నిమిషం పడితే బస్సు కదిలేది. ముసలీముతకా రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఎక్కాక పైన అద్దంలోకి చూసి తలలు లెక్కపెట్టేవాడు. తలలే సుమండీ, మొహాలు కాదు. మొహాలతో డ్రైవరుకేం పని?

కానీ ఈ ప్రయాణానికి ఆయన అంత సులువుగా ఒప్పుకోవడం వెనక వేరే సంగతి ఉంది. ఐదు వారాలుగా భార్యకి చెప్పాల్సిన మాట ఒకటి గొంతులో ఇరుక్కుని ఉంది. ఇంట్లో చెబితే లేచి పక్కగదిలోకి పోతుంది. కదిలే బండిలోంచయితే ఎవరూ దిగిపోలేరు. తెలివంటే ఆయనదే!

ఇల్లాలు వెనక సీట్లో కూర్చుంది. ఆసుపత్రి బట్టలుతికే విభాగంలో పంతొమ్మిదేళ్ళు నిలబడి దుప్పట్లు మడిచి మడిచి ఆవిడ కుడి మోకాలు అరిగిపోయింది. ముందు సీటు బాగా ముందుకి జరిపి, వెనక కాలు చాపుకుంటే తప్ప కూర్చోలేదు. ఒంటి మీద తలటోపీ ఉన్న కొత్త ఎర్ర కోటు. పని మానేసే రోజున తోటి ఆడవాళ్ళు తలా కొంత వేసుకుని కొనిచ్చారు. "ఈ వయసులో ఎరుపేంటి, ఫైరింజన్‌లా" అన్నాడు ఆయన. అయినా ఆవిడ విప్పలేదు.

మొదటి చోటు వంతెన. అక్కడ సన్నగా జల్లు పడింది. ఇల్లాలు మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆ మూడు నిమిషాలూ డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. దారినపోయేవాళ్ళంతా నిలబడి, కుంటుకుంటూ వస్తున్న ఆ ఎర్ర కోటు మనిషిని చూశారు.

"విమానం కూడా నీకోసం ఆగుతుందనుకుంటున్నావా?"

ఆవిడ తడిసిన కోటు విప్పి, తలటోపీని పక్క సీటు మీద తల ఆన్చే దిండుకి తొడిగి ఆరేసింది. బ్రేకు వేస్తే జారిపోకుండా బెల్టు కూడా పెట్టింది. ఆవిడ పక్కకి జరిగి కూర్చుంది. ఏ పని చేసినా పొందికగా చెయ్యడం ఆవిడకి అలవాటు. ఆ పొందికే కొంప ముంచింది.

రెండో చోటు జలపాతం. చెట్ల అవతల నుంచి హోరు వినిపిస్తోంది.

"ఎలా ఉంటుందండీ?" అని అడిగింది.

"ఎలా ఉంటుంది? నీళ్ళు పైనుంచి కిందకి పడతాయి. కిందనుంచి పైకి పోవుగా!"

"మీరూ రండి."

"నేను వెయ్యిసార్లు వచ్చాను."

"వచ్చారు. చూశారా?"

డ్రైవరు వినిపించుకోనట్టు సీటు వెనక్కి వాల్చాడు. "పన్నెండు నిమిషాలు. దాటితే బండి ఎవరికోసమూ ఆగదు." తన డ్రైవరు టోపీ మొహం మీదకి లాక్కున్నాడు. ఇల్లాలు గొడుగు తీసుకుని దిగింది.

అలారం మోగేసరికి ఆయన మంచి కునుకులో ఉన్నాడు. ఉలిక్కిపడి లేచి, ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ అద్దంలోకి చూశాడు. వెనక ఎర్ర తలటోపీ, దాని కింద బెల్టు. తనతో కలిపి "ఒకటి, రెండు" అనుకుని బండి కదిలించాడు. పర్వాలేదే, నత్తకి వేగం వచ్చిందే అని సంతోషించాడు కూడా.

పెద్దరోడ్డు ఎక్కాక గొంతు సవరించుకున్నాడు.

"చూడూ, నీతో ఒక మాట చెప్పాలి. మధ్యలో ఏడుపు మొదలెట్టకు. అక్కయ్యకి పక్షవాతం వచ్చింది. ఎడం పక్క అంతా పడిపోయింది. మంచం మీదే అన్నీ."

వెనక నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆవిడ ఎప్పుడూ అంతే. ఆయనకి ధైర్యం వచ్చింది.

"మనం వేరే ఇల్లు తీసుకోవట్లేదు. అక్కయ్య దగ్గరే ఉంటాం. మనిషిని పెట్టమన్నాను, ఒప్పుకోలేదు. నువ్వే వచ్చి చెయ్యాలంది. వస్తుందని మాటిచ్చేశాను. ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన చేతులేగా, నీకిది కొత్తా?"

ఇక్కడ పాత సంగతి చెప్పాలి. కొత్త కాపురంలో మూడేళ్ళు ఇల్లాలు ఆ ఆడపడుచు ఇంట్లోనే ఉంది. ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఈవిడ మొగుడున్నర. ఆరో నెల కడుపుతో మరదలు మూడు రోజులు జ్వరంతో పడుంటే, "పని ఎగ్గొట్టడానికి వేషాలు" అని గది తలుపు బయట గొళ్ళెం పెట్టింది. డ్రైవరు డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీసేసరికి అంతా అయిపోయింది. బిడ్డ దక్కలేదు. ఆ రోజు ఆయన భార్య తల మీద చెయ్యి పెట్టి, "ఆ గడప మళ్ళీ నీచేత తొక్కించను, నీ మీద ఒట్టు" అన్నాడు. ఆ ఒట్టు పట్టుకునే ఆవిడ దేశం దాటి వచ్చింది.

"ఒట్టు సంగతి నాకు గుర్తుంది" అంటున్నాడు ఇప్పుడు, కళ్ళు రోడ్డు మీదే పెట్టి. "ఇరవై రెండేళ్ళ కిందటి ఒట్టు. పాలకి కూడా గడువు తేదీ ఉంటుంది. అమ్మ పోతే నన్ను పెంచింది అక్కయ్య. మంచాన పడ్డదాన్ని వదిలేస్తానా? పోయిన పిల్ల ఎలాగూ పోయింది. దానికి ఎన్నాళ్ళు తద్దినం పెడతావు? ఆ తర్వాత నీకు పిల్ల పుట్టలేదా?"

అన్నాక ఆయనకే ఎక్కడో చురుక్కుమంది. అద్దంలోకి చూశాడు. ఎర్ర తలటోపీ కొంచెం వంగి ఉంది, తల దించుకున్నట్టు. ఏడుస్తోంది కాబోలు అనుకున్నాడు. ఏడిస్తే ఏడవనీ, కాదని మాత్రం అనలేదుగా.

"మౌనం అర్ధాంగీకారం అన్నారు. మంచిదానివే. నాకు తెలుసు ఒప్పుకుంటావని."

తేలికపడి ఈల వేశాడు. ఇంకో అరగంట అక్కయ్య గది ఎటు, మంచం ఎటు, మందులు ఎప్పుడు, అన్నీ చెప్పాడు. అప్పుడు వెనక సీట్లో ఫోన్ మోగింది.

"ఎత్తు."

మోగుతూనే ఉంది.

"ఎత్తవే! చెవుడా? అలిగావా?"

విసుగ్గా బండి పక్కకి ఆపి వెనక్కి తిరిగాడు. కోటు. బెల్టు పెట్టుకుని, మర్యాదగా కూర్చున్న కోటు. జేబులో ఫోన్ వెలుగుతోంది. డ్రైవరు చెయ్యి చాపి ఫోన్ తీశాడు.

"అమ్మా!" కూతురు గొంతు. "అత్తయ్య నాకు ఫోన్ చేసింది. నీచేత..."

"నేనే."

"నాన్నా, నిజమేనా? అమ్మకి చెప్పావా అసలు?"

"చెప్పాను. ఇప్పుడే."

"ఏమంది?"

డ్రైవరు కోటు వైపు చూశాడు. "ఏం అనలేదు" అన్నాడు. ఆయన జన్మలో చెప్పిన పచ్చి నిజం అదొక్కటే.

ఆ రోడ్డు మీద వెనక్కి తిరగాలంటే ఇంకా ఇరవై కిలోమీటర్లు ముందుకే పోవాలి. పోయాడు. గంటన్నర బండి నడిపి, తెలిసిన తెలుగు తిట్లన్నీ తననే తిట్టుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అమ్మాయి రెండుసార్లు మళ్ళీ ఫోన్ చేసింది, ఎత్తలేదు.

జలపాతం దగ్గర కారు ఆపి, కోటు చంకలో పెట్టుకుని, చెట్లలోకి పరిగెత్తాడు. మెట్లు. ఇక్కడ మెట్లున్నాయని ఆయనకి తెలియదు. వెయ్యిసార్లు వచ్చిన మనిషి! దిగుతూ లెక్కపెట్టాడు, నూట నలభై నాలుగు. మంచి కాళ్ళున్నవాడు దిగి ఎక్కడానికే ఇరవై నిమిషాలు. పన్నెండు నిమిషాల్లో ఈ నీళ్ళు ఎవరు చూసి ఉంటారు? ఎవరూ చూడలేదు. సగం మెట్లు దిగి, తన హారన్ విని వెనక్కి పరిగెత్తిన ముసలివాళ్ళు ఎంతమందో!

ఇల్లాలు అడుగున బల్ల మీద కూర్చుని ఉంది. గొడుగు పక్కన పెట్టుకుంది. నీళ్ళు కొండ మీద నుంచి తెల్లగా పడుతున్నాయి. ఆయన్ని చూసి లేవలేదు.

"వెంటనే తెలిసింది. ఐదు నిమిషాల్లో..." అని మొదలుపెట్టాడు.

ఆవిడ చేతి గడియారం చూసుకుంది. "రెండు గంటల నలభై నిమిషాలు."

ఆయన చంకలోని కోటుని ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"మొదటి పావుగంట భయమేసిందండీ. మెట్ల పైకెక్కి చూస్తే బండి లేదు. ఫోన్ లేదు. ఏడ్చాను. తర్వాత మళ్ళీ దిగొచ్చి ఇక్కడ కూర్చున్నాను. హాయిగా ఉంది. హారన్ లేదు, నత్తా అనేవాళ్ళు లేరు. మీరు లేకపోతే ఇంత హాయిగా ఉంటుందా అని, అప్పుడు నిజంగా ఏడ్చాను."

"తప్పయిపోయింది. పద, పైన మాట్లాడుకుందాం."

"దారంతా ఏం మాట్లాడారు? నోరు మూసుకుని బండి నడిపే మనిషి కాదుగా మీరు."

డ్రైవరు చెప్పాడు. అక్కయ్య, పక్షవాతం, మాటివ్వడం. ఒట్టు దగ్గరికి వచ్చేసరికి తల దించేసుకున్నాడు.

"అలా కాదు" అంది ఆవిడ. "కోటుకి ఎలా చెప్పారో అలాగే చెప్పండి. నా మొహం చూసి."

ఆయన తలెత్తి చూశాడు. అద్దంలో కాదు, ఎదురుగా, రెండడుగుల దూరంలో. కణతల దగ్గర జుట్టు పూర్తిగా తెల్లబడింది. గడ్డం కింద బొటనవేలంత కాలిన మచ్చ ఉంది.

"ఇదెప్పుడు కాలింది?"

"ఇస్త్రీ మెషీన్ ఆవిరి కొట్టింది. పదకొండేళ్ళయింది."

'పోయిన పిల్ల ఎలాగూ పోయింది' అన్న మాట నాలుక మీదే ఉంది. కోటుకి ఈల వేసుకుంటూ చెప్పిన మాట, ఈ మొహానికి చెప్పలేకపోయాడు. బల్ల అంచు పట్టుకుని కూలబడ్డాడు.

"చెప్పలేరు కదా" అంది ఇల్లాలు. "నేనే అడుగుతాను. కోటు ఏమంది?"

"ఏమీ అనలేదు. నేనే... ఒప్పుకున్నావని అనుకున్నాను."

"సరే మరి. ఒప్పుకున్నదాన్నే తీసుకెళ్ళండి." ఆయన చంకలో కోటు తడిమి, నలిగిన చెయ్యి ఒకటి సరిచేసింది. "కొత్తది, మాట్లాడదు, నెమ్మదైనది. మీ అక్కయ్యకి చలేస్తే కప్పండి. నేను రాను."

"నాలుగు రోజుల్లో విమానమే! మన దేశం, మన ఊరు..."

"మీ అక్కయ్యని చూసుకోవడం తప్పు కాదండీ. మీరు చూసుకోండి. మిమ్మల్ని పెంచింది కదా. మంచం మార్చడం, దుప్పటి కింద నుంచి లాగడం, అన్నీ కాగితం మీద రాసిస్తాను. ఎంత సేపు పడుతుందో కూడా రాస్తాను. పన్నెండు నిమిషాల్లో అవ్వదు."

డ్రైవరు ఏడ్చాడు. నోటికి అడ్డంగా కోటు పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ గొళ్ళెం తీసిన రోజు ఏడవాల్సిన ఏడుపు అది, ఇన్నేళ్ళకి వచ్చింది. "ఆ రోజు నేను అక్కయ్యని ఒక్క మాట అనలేదు" అన్నాడు. "ఒక్క మాట కూడా అనలేదే. నేనూ నోరు మూసుకునే ఉన్నాను."

"తెలుసు. అప్పుడు మీరూ ఒప్పుకున్నట్టేగా" అంది ఇల్లాలు. ఆవిడ కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. అయినా ఆయన భుజం మీద చెయ్యి వెయ్యలేదు. నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి గడియారం చూసుకుంది.

"పన్నెండు నిమిషాలయింది. లేవండి. అమ్మాయి ఇంటి దగ్గర నన్ను దింపండి."

ఆవిడ ముందు, ఆయన వెనక. నాలుగు మెట్లకోసారి ఆవిడ ఆగినప్పుడల్లా ఆయనా ఆగాడు. తొందర పెట్టలేదు. పట్టుకోమంటావా అని ఒకసారి అడిగాడు. వద్దంది.

ఇల్లాలు వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చుంది. కోటుని ఆయన ముందు సీట్లో, తన పక్కన పెట్టుకున్నాడు. బండి స్టార్ట్ చేసి, అలవాటుగా అద్దం వైపు కళ్ళెత్తబోయి ఆగాడు. మెడ పూర్తిగా తిప్పి, వెనక్కి తిరిగి, ఆవిడ మొహం చూశాడు.

"ఒకటి" అన్నాడు.

రెండో అంకె ఆయన నోరు దాటి రాలేదు.