నున్నగా లేని నేల

"ఇదేమైనా స్కేటింగ్ రింకా?"

రోలర్ ఇంజన్ ఆపగానే ఆన్సెల్‌కు వినిపించిన మొదటి మాట అది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని మారిట్ గట్టు మీద నిలబడి ఉంది. ఊరి మురుగునీటిని మొక్కలతో శుభ్రం చేసే ఈ చిత్తడినేల కోసం మూడు కౌంటీలు తిరిగి మట్టి ఎంచింది ఆమే.

"బంకమట్టిని గట్టిగా తొక్కించమన్నారు కదండీ. పైన నల్లమట్టిని కూడా తొక్కించాను. అద్దంలా లేదూ?"

"అద్దంలానే ఉంది. అదే నా ఏడుపు! కింది పొర నీళ్ళను ఆపాలి. పై పొరలో వేళ్ళు దిగాలి. రేపు పొద్దున ఎనిమిది వందల జమ్ము మొక్కలు వస్తున్నాయి. రెండేళ్ళు పెంచాను. ఈ రోడ్డు మీద నాటితే ఒక్కటీ బతకదు."

ఆన్సెల్ ముఖం చిన్నబోయింది. వాళ్ళది రోడ్లు వేసే కుటుంబం.

మారిట్ ఒక మూల తవ్వింది. అడుగునున్న బంకమట్టిలోకి పార దిగకపోతే, గీరి చిటికెడు తీసి తడిపింది. బొటనవేలితో నొక్కుతుంటే అది రిబ్బనులా సాగింది. బెత్తెడు వేలాడినా తెగలేదు.

"కింది పని మాత్రం మీ అంత బాగా ఎవరూ చేయలేదు," అంది.

ఆరేళ్ళుగా మట్టి మీద తిరుగుతున్న ఆన్సెల్, మట్టితో మాట్లాడే వేళ్ళను ఇప్పుడే చూశాడు.

చినుకులు మొదలయ్యాయి. యంత్రం దిగితే నేల మళ్ళీ అణిగిపోతుంది. ఇద్దరూ పారలు పట్టుకుని, బంకమట్టికి తగలకుండా పై పొరను గుల్ల చేయసాగారు.

సాయంత్రం కాఫీ ఫ్లాస్కుతో వచ్చిన ఆన్సెల్ నాన్న లోయెల్ గట్టు మీదే ఆగిపోయాడు.

"ఏమిట్రా ఇది? పందులు పడ్డట్టుంది!"

"అందులో ఒక పందిని నేనే, లోయెల్ గారూ," అంది మారిట్.

లోయెల్ కొడుకును చూశాడు, ఆమెను చూశాడు. మొదటి కప్పు ఆమెకే పోసి, తనూ ఒక పార అందుకుని అవతలి చివరికి వెళ్ళిపోయాడు.

"మారిట్ గారూ," అన్నాడు ఆన్సెల్, పార వంక చూస్తూ. "మొక్కలు బతికాక కూడా... అంటే, బతకకపోయినా... మీరు ఇటు వస్తూ... ఛ! నాకు నున్నగా చెప్పడం రాదండీ."

ఆమె బుగ్గ మీది మట్టిని తుడుచుకోబోయి ఇంకాస్త పూసుకుంది.

"నున్నగా ఉంటే వేళ్ళు దిగవని పొద్దుటి నుంచీ చెబుతున్నాను, నీకు అర్థం కాలేదా?"

ఆమె తనను నువ్వు అన్నదని ఆన్సెల్‌కు మరో రెండు పారల మట్టి తిరగేశాక గానీ తెలియలేదు.