చిప్పల తోపు కాపలా

పొద్దుగూకాక చిప్పల తోపు పేరెత్తాల్సివస్తే, సెయింట్ బార్నబీ దీవిలో ఎంతటివాళ్ళైనా గొంతు తగ్గిస్తారు. నాచు వేలాడే ఓక్ చెట్లు... వాటి కింద, పోటుకి సముద్రపు నీళ్ళెక్కే ఉప్పుకయ్య అంచుదాకా, అక్కడక్కడా సముద్రపు చిప్పలు. ఎవరు పెట్టారో తెలీదు. రాత్రిపూట ఆ దారిన పోయేవాళ్ళకి మోకాలెత్తున ఒక దీపం కనబడుతుందంటారు. పలకరిస్తే — ఆరిపోతుందట. అందుకే ఆ చుట్టుపక్కల ప్రతి ఇంటి గుమ్మానికీ నీలం రంగే. దెయ్యం దాన్ని నీళ్ళనుకుని దాటకుండా ఆగిపోతుందని.

రూఫస్ మంగిన్ ఇంటి గుమ్మానికి మాత్రం ఆ రంగు లేదు.

యాభై రెండేళ్ళవాడు, ఆరడుగుల మనిషి. బుల్‌డోజరు నడపడంలో దీవి మొత్తానికి మొనగాడు. దెయ్యాల్లేవు, గియ్యాల్లేవు అని చర్చి మెట్ల మీద నిలబడి మరీ చెప్పేవాడు. చెప్పే ముందు ఓసారి వెనక్కి చూసుకుంటాడని వాళ్ళావిడ లూవీనియా అనేది. అది వేరే సంగతి.

ఆ ఏడు తోపుని ఒక కంపెనీ కొంది. గోల్ఫ్ మైదానం, చుట్టూ బంగళాలు వస్తాయన్నారు. చెట్లు పడగొట్టి నేల చదును చేసే పని రూఫస్‌కి దొరికింది.

అక్కడున్నవి పాతకాలం పత్తితోటలో బానిసలుగా బతికి, బానిసలుగానే పోయిన మన నల్లవాళ్ళ సమాధులని హెప్సీ అత్త రెండుసార్లు కంపెనీ ఆఫీసుకెళ్ళి చెప్పింది. ఎనభై రెండేళ్ళ మనిషి, కర్ర పొడుచుకుంటూ వెళ్ళింది. వాళ్ళు సమాధి రాయి చూపించమన్నారు. పేర్లున్న కాగితం చూపించమన్నారు. బతికున్నప్పుడే పేరు రాయని వాళ్ళకి చచ్చాక రాయెవడు పెడతాడు నాయనా అని ఆవిడ అడిగితే, కాఫీ ఇచ్చి పంపేశారు.

లూవీనియా కూడా ఇంట్లో ఓ మాట అని చూసింది. రూఫస్ చెవిన పెట్టలేదు. గుర్తే లేనిచోట సమాధులేమిటే, రేపు మన బెండ మడిలో కూడా ఉన్నాయంటావు అని కొట్టిపారేశాడు.

తెల్లారితే పని మొదలు. ఆ రాత్రి బండి దగ్గర కాపలా ఉండమని సూపర్‌వైజర్ కెండల్ పురమాయించాడు. రూఫస్ బుల్‌డోజరు ఎక్కి, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని, టోపీ మొహం మీదకి లాక్కున్నాడు.

ఎంతసేపయిందో... మెలకువ వచ్చింది.

కయ్య మీంచి మంచు పాక్కుంటూ వచ్చి చెట్ల మొదళ్ళు కప్పేసింది. కప్పలు కూడా నోరు మూసుకున్నాయి. ఎక్కడో లోపల — చాలా లోపల — ఎవరో నోరు తెరవకుండా పాడుతున్నారు. మాటల్లేని పాట.

రూఫస్ గాలి అనుకున్నాడు. గాలి లేదు.

అప్పుడు కనబడింది దీపం. మోకాలెత్తున. కదులుతోంది... ఆగింది.

కచ్‌మని ఒక చప్పుడు. ఇనుము మట్టిలో దిగినట్టు.

“ఉన్నాడు,” అంది ఒక గొంతు, గుసగుసగా.

దీపం రెండడుగులు జరిగింది. మళ్ళీ కచ్...

“ఇక్కడా ఉన్నాడు.”

మళ్ళీ. ఈసారి కాసేపు ఏ చప్పుడూ లేదు.

“ఉంది... పాపం, చిన్నది.”

అప్పుడు చెయ్యాల్సిన పని ఒక్కటే. తలుపు బిగించుకుని కూర్చోవడం. రూఫస్ అదొక్కటీ తప్ప అన్నీ చేశాడు. కిందకి దూకాడు. టోపీ పారేసుకున్నాడు. రోడ్డు ఎడమపక్కనుంటే కుడిపక్కకి పరిగెత్తాడు, సరాసరి తోపులోకి. నాచు మొహానికి తగిలినప్పుడల్లా ఎవరో చెయ్యి వేసినట్టయింది. నాలుగు అంగల్లో కాలికింద నేల దిగిపోయింది. బోర్లా పడ్డాడు.

పడ్డచోటు పల్లంగా ఉంది. పొడవుగా, సన్నగా... సరిగ్గా మనిషి కొలతకి. అతని ముక్కుకి బెత్తెడు దూరంలో ఒక తెల్లటి శంఖం.

దీపం దగ్గరికొచ్చింది. కాలిమడమల దాకా తెల్లబట్టలు. ఒకటి కాదు — మూడు ఆకారాలు. చల్లటి చెయ్యొకటి అతని చొక్కా కాలరు పట్టుకుంది.

“రూఫస్... లేవయ్యా. నువ్వు పడుకున్నది మీ ముత్తవ్వ మీద.”

ఆ గొంతు ముప్ఫై ఏళ్ళుగా అతన్ని పొద్దున్నే నిద్ర లేపుతున్న గొంతే.

తల ఎత్తి చూస్తే లూవీనియా. ప్రార్థనకి కట్టుకున్న తెల్లబట్టల్లోనే ఉంది. ఆమె వెనక సన్నటి ఇనపకడ్డీ పట్టుకుని హెప్సీ అత్త, లాంతరు పట్టుకుని ఆవిడ కోడలు. పగలైతే గేటు దగ్గర కంపెనీవాళ్ళు రానివ్వడంలేదు. రాత్రి కాపలా నీదని తెలిశాక, నీ గురక వినబడేదాకా ఆగి లోపలికి వచ్చాం అంది హెప్సీ అత్త.

రూఫస్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. కాలు జారిందన్నాడు. ఎవరూ కాదనలేదు. కోడలు మాత్రం లాంతరు కొంచెం పక్కకి తిప్పుకుంది, నవ్వు కనబడకుండా.

“ముత్తవ్వ ఎవరు?” అన్నాడు చివరికి.

“బైనా. మీ అమ్మమ్మని కన్న ఏడాదికే పోయింది, ఆ పత్తితోటలోనే. ఆ శంఖం గుర్తు. మీ అమ్మ పోయేముందు నాకు చెప్పింది,” అంది లూవీనియా.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పింది. నువ్వు పడవ ఇంజను విప్పుకుని కూర్చున్నావు.”

రూఫస్ చెయ్యి చాచాడు. కడ్డీ ఇటివ్వమన్నాడు. గట్టినేల కడ్డీని నిలేసింది. ఇంకోచోట కూడా అంతే. మూడోచోట... ఎవరో లోపల్నుంచి మెల్లగా అందుకున్నట్టు, కడ్డీ జారి దిగిపోయింది. ఒకప్పుడు తవ్వి పూడ్చిన నేల నూటపాతికేళ్ళయినా గట్టిపడదని హెప్సీ అత్త చెప్పింది. రూఫస్ తలమీద టోపీ తీయబోయాడు. టోపీ లేదు. ఖాళీ చెయ్యే గుండె మీద పెట్టుకున్నాడు.

“ఉన్నారు,” అన్నాడు. ఈసారి అతని గొంతే గుసగుసలా వచ్చింది.

తెల్లారేసరికి తోపు నిండా అరవై మూడు పుల్లలు నిలబడ్డాయి. పిండిసంచి పీలికల జెండాలతో.

కెండల్ వచ్చి చూశాడు. పిచ్చి పుల్లలు తొక్కించెయ్, బండి తియ్ అన్నాడు. తాళంచెవి లేదన్నాడు రూఫస్. ఏమైందంటే, రాత్రి దెయ్యం పట్టుకుపోయిందన్నాడు. ఆ దెయ్యం గేటవతల నిలబడి, గౌను జేబులో తాళంచెవి మీద చెయ్యి వేసుకుని, ఇంటికెళ్ళాక నీ పని చెప్తానన్నట్టు మొగుడి వంక చూస్తోంది.

ఇంకో తాళంచెవి వంతెన దాటి వచ్చేసరికి మధ్యాహ్నమయింది. ఈలోపు హెప్సీ అత్త ఫోను చేసి పిలిపించుకున్న సర్కారు మనిషి వచ్చేసింది. పుల్లలు చూసింది, కడ్డీ దించి చూసింది. సమాధులున్నచోట బండి కదిలితే చట్టం ఊరుకోదని కెండల్‌కి కాగితం రాసిచ్చింది.

పని ఆగింది. రూఫస్ ఉద్యోగమూ ఊడింది. అతను రొయ్యల పడవ ఎక్కాడు. మీద పడ్డందుకు ముత్తవ్వకి క్షమాపణ చెప్పుకోవాలని, ఆదివారాలు కొడవలి పట్టుకుని వెళ్ళి ముళ్ళకంపలు కొడుతుంటాడు. తోపు చుట్టూ కంచె వేస్తామని పైవాళ్ళు మాటిచ్చారు. నాలుగేళ్ళయింది... కంచె ఇంకా దారిలోనే ఉంది.

ఈలోగా స్థలం బేరానికి కార్లలో ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. పోయిన నెల మసకచీకట్లో వచ్చిన ఒక జంటకి చెట్ల మధ్య ఆరడుగుల తెల్లటి ఆకారం ఎదురైందట. పాడలేదు, ఏడవలేదు. బొంగురుగా దగ్గి, వేరేచోట చూసుకోండి బాబూ అందట. వాళ్ళ కారు వంతెన దాటేదాకా ఆగలేదు.

ఎవరైనా అడిగితే లూవీనియా ఒప్పుకోదు. ఆ సాయంత్రం మా ఆయన గుమ్మం దిగలేదంటుంది. కాకపోతే, తన పెళ్ళినాటి దుప్పటికి అంత బురద ఎలా అంటిందో దేవుడికే తెలియాలంటుంది.