చెట్లలా నడిచిన మనుషులు

కంటి ఆసుపత్రిలో చుక్కల మందు వేయించుకున్నవాళ్లకు మందు పనిచేసేదాకా ఏ పనీ ఉండదు. పేపరు చదవలేరు, ఫోను చూడలేరు, పక్కవాళ్ల చొక్కా రంగుకు వంక కూడా పెట్టలేరు. అందుకే ఆ హాల్లో రోజూ పదకొండింటికి ఒకమ్మాయి కథలు చెప్పేది. ఆమె అసలు ఉద్యోగం ఆపరేషనైనవాళ్లకు చూపు కసరత్తులు నేర్పడం. కథలు మాత్రం సొంత సరదా. రోగులంతా ఆమెను కథలమ్మాయి అనేవారు.

ఆ సోమవారం ఆమె సువార్తలోని గుడ్డివాడి కథ ఎత్తుకుంది.

"యేసు అతని కళ్లమీద చేతులుంచి, ఏమైనా కనిపిస్తోందా అని అడిగాడు. అతనేమన్నాడో తెలుసా? మనుషులు కనిపిస్తున్నారు గానీ, చెట్లు నడుస్తున్నట్టున్నారు అన్నాడు. అప్పుడాయన మళ్లీ చేతులుంచాడు..."

"అందులో అద్భుతమేం లేదండీ," అంది వెనకనుంచి ఒక గొంతు.

అందరూ అటు తిరిగారు. చుక్కల మందు పుణ్యమా అని తిరిగినా ఎవరికీ ఏమీ కనిపించలేదు.

వచ్చినవాడు కొత్త సర్జన్. చేరిన వారానికే ఆసుపత్రి అతనికి 'ఎందుకంటే డాక్టర్' అని పేరు పెట్టేసింది. కారణం అడగకుండానే కారణం చెప్పడం అతని జబ్బు.

"ఎందుకంటే, పూర్వకాలంలోనే కంట్లో శుక్లాన్ని సూదితో పక్కకు నెట్టేవాళ్లు. అలాంటిదేదో జరిగుంటుంది. ఇక చెట్ల సంగతంటారా, చాలాకాలం చూపు లేనివాళ్లకు కన్ను బాగైనా మెదడుకు వెంటనే ఏదీ అర్థం కాదు. ఎందుకంటే..."

"బాబూ డాక్టరూ," అంది ముందు వరసలోని బామ్మ, "ఇంతకీ వాడికి చూపొచ్చిందా లేదా?"

"వచ్చిందటండీ."

"మరి మధ్యలో నీకొచ్చిన కష్టమేమిటి నాయనా?"

హాలంతా ఘొల్లుమంది. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. కథలమ్మాయి మాత్రం నవ్వలేదు.

"మెదడుకు అర్థం కావడానికి మీ లెక్కలో ఎంతకాలం పడుతుంది డాక్టర్ గారూ?"

"నెలలు పట్టొచ్చు."

"ఆయనకు ఇంకోసారి చెయ్యి వేస్తే సరిపోయింది. మేం అద్భుతం అనేది దాన్నే."

డాక్టరు ఆమెవైపు చూశాడు. ఆమె కళ్లకు కాటుక లేదు, ఆమె మాటలో కోపం లేదు, అయినా తను చిత్తుగా ఓడిపోయాడని అతనికి తెలిసిపోయింది. విచిత్రమేమిటంటే, ఓడిపోవడం అతనికి బాగానే అనిపించింది.

మర్నాటి నుంచి సరిగ్గా ఆ వేళకే డాక్టరుకు ఆ హాల్లో ఏదో ఒక పని పడేది. కథ అయ్యాక వాదన. వాదన తెగక కాఫీ. ఒక సాయంత్రం గేటు దగ్గర వాన పట్టుకుంది. ఉన్నది ఒక్క గొడుగు, అది అతనిది.

"మీరు పొద్దున చెప్పిన కథలో సముద్రం చీలి దారివ్వడం కూడా గాలి పనేనండీ," అన్నాడు నడుస్తూ. "రాత్రంతా గట్టిగా వీస్తే లోతు తక్కువ ఉన్నచోట నీళ్లు పక్కకు జరుగుతాయి."

"గాలి వీచిందనే మా కథలోనూ ఉంది."

"ఉందా?"

"అయ్యో రామ... కాదు, అయ్యో దేవా! చదవకుండానే ఇన్నాళ్లూ వాదిస్తున్నారా?" ఈసారి ఆమె పగలబడి నవ్వింది. "గాలి సంగతి మీరు చూసుకోండి. సైన్యం తరుముతుంటే పారిపోతూ సరిగ్గా దేవుడి జనం ఒడ్డుకు చేరినప్పుడే ఎందుకు వీచిందో, అది నేను చూసుకుంటాను."

ఇంటికి చేరాక గానీ తన ఎడమ భుజం మొత్తం తడిసి ముద్దయిందని అతనికి తెలియలేదు. గొడుగు ఎటు వంగిందో తెలుసు. ఎందుకు వంగిందో కూడా తెలుసు.

మరుసటి రోజే అడిగేశాడు. "మీ ఇంటికొచ్చి మాట్లాడనా?"

ఆమె బల్లమీది రంగు కార్డులు సర్దినవే మళ్లీ సర్దింది. "మా నాన్నగారు పాస్టరు. సంబంధమని వచ్చినవాళ్లను ఒకటే అడుగుతారు, దేవుణ్ని నమ్ముతున్నావా అని."

"వాళ్లేమంటారు?"

"అందరూ అవుననే అన్నారు. నన్ను చూసి నమ్మినవాళ్లు! అందుకే నేను వద్దన్నాను."

"మరి నేనేం చెప్పాలి?"

"అబద్ధం చెబితే నాకొద్దు. నిజం చెబితే ఆయనకొద్దు." ఆమె కార్డులు పక్కకు నెట్టింది. "నాన్నను బాధపెట్టి నేను రాలేను. మీరే ఆలోచించుకోండి."

ఆ వారంలోనే బుట్టలల్లే ఒకావిడకు కట్టు విప్పారు. చిన్నప్పటినుంచీ చూపు లేని మనిషి. ఆపరేషను అద్భుతంగా కుదిరిందని డాక్టరు పొంగిపోతున్నాడు.

"ఎదురుగా ఎవరున్నారో చెప్పండమ్మా!"

ఎదురుగా ఉన్నది ఆవిడ సొంత అక్క. ఆవిడ అటూ ఇటూ చూసి బెదిరిపోయింది. "ఏవో రంగులు మీదమీదకి వస్తున్నాయి. అక్కా, ఎక్కడున్నావే? బాబూ, కట్టు కట్టెయ్యండి. నా చీకటి నాకిచ్చెయ్యండి. అందులో నాకన్నీ తెలుసు."

డాక్టరు 'ఎందుకంటే' మొదలుపెట్టాడు. మెదడు గురించి, నరాల గురించి. అతను చెబుతున్నకొద్దీ ఆవిడ కళ్లు మరింత గట్టిగా మూసుకుంది. అతను చెప్పేదంతా నిజమే. ఒక్క ముక్కా ఆవిడకు అక్కరకు రాలేదు. మాట మధ్యలో ఆపి, స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఒక కథ చెప్పనా?"

కసరత్తుల సామాను పట్టుకుని అప్పుడే వచ్చిన కథలమ్మాయి గుమ్మంలో ఆగిపోయింది.

"పూర్వం ఒకతనికి ఇలాగే చూపొచ్చింది. మనుషులు చెట్లు నడుస్తున్నట్టున్నారన్నాడు. చూపిచ్చినాయన కోప్పడలేదు. ఇంత చేస్తే ఇదేనా అనలేదు. మళ్లీ చెయ్యి వేశాడు."

"అప్పుడు?"

"అప్పుడు బాగా కనిపించింది. నాకంత శక్తి లేదమ్మా, మాకు చాలా రోజులు పడుతుంది. కానీ మేమూ కోప్పడం."

ఆవిడ బెదురు తగ్గింది. కథలమ్మాయి వచ్చి, ఆవిడ చేతిని అక్క చెంపమీద పెట్టింది. "ఇప్పుడు మెల్లగా తెరవండి. చేతికి తెలిసిన మొహమే ఇది. కంటికి పరిచయం చేద్దాం."

బయటికొచ్చాక ఆమె కళ్లు మెరుస్తున్నాయి. "నా కథ దొంగిలించారు."

"నా దగ్గరున్నవేవీ పనిచేయలేదండీ."

"ఆదివారం సాయంత్రం ఇంటికి రండి."

ఆదివారం, ఆపరేషన్లలో మత్తుమందిచ్చే డాక్టరు, అతని ప్రాణస్నేహితుడు, వీధి మలుపుదాకా తోడొచ్చి నూరిపోశాడు. "ఒరేయ్, అవునను చాలు. నీ సొమ్మేం పోయింది?"

పాస్టరుగారి ముందుగదిలో కుర్చీలకన్నా పుస్తకాలే ఎక్కువ. ఆయన స్వయంగా టీ పోశారు. కప్పు అంచు లోపల వేలు ఆనించి, వేడి తగలగానే ఆపారు. డాక్టరు ఉలిక్కిపడి ఆయన కళ్లలోకి చూశాడు. రెండింటా తెల్లని పొర. అమ్మాయి తల దించుకుంది.

"నమ్ముతున్నావా బాబూ?" అన్నారాయన సూటిగా.

ఒక్క మాటతో ఆమె తనదైపోతుంది. ఆ మాట నాలుకమీదిదాకా వచ్చింది కూడా.

"లేదండీ," అన్నాడు డాక్టరు. "ఆ గుడ్డివాడి అద్భుతం జరిగిందో లేదో నాకు తెలియదు. చూపొచ్చినవాణ్ని దగ్గరగా చూసినవాళ్లకే ఆ చెట్ల మాట తెలుస్తుందని మాత్రం తెలుసు. అది రాసినవాళ్లమీద నాకు గౌరవం. మీ అమ్మాయిమీద అంతకంటే ఎక్కువ గౌరవం. అంతవరకే రాగలిగాను. ఆమెకోసం ఇంకో అడుగు వేశానని చెప్పొచ్చు గానీ, వేయలేదండీ."

పాస్టరుగారు బల్లను తడిమి కప్పు కింద పెట్టారు.

"కళ్లు చూపించుకోమని మా అమ్మాయి ఏళ్లుగా పోరుతోంది. దేవుడే బాగుచేస్తాడని చెబుతూ వచ్చాను. పదిమందీ నా విశ్వాసాన్ని మెచ్చుకున్నారు." ఆయన గొంతు తగ్గింది. "అది భయం బాబూ. కంట్లో కత్తంటే భయం. ఇంత నిజం చెప్పేవాడు ఎదురుగా కూర్చున్నాక నేనొక్కణ్నే దాచుకోవడం బాగోదు."

"నాన్నా!" అంది కథలమ్మాయి.

"ఆపరేషను నువ్వే చెయ్యి. ప్రార్థన నేను చేసుకుంటాను. కళ్లు బాగైతే గొప్ప నీదా, ఆయనదా అని తీరిగ్గా పోట్లాడుకుందాం. అల్లుడివి, ఎక్కడికి పోతావులే!"

డాక్టరుకు ఒక్క 'ఎందుకంటే' కూడా తోచలేదు. కథలమ్మాయి నవ్వబోయి, చప్పుడు లేకుండా ఏడ్చేసింది. అతని పరిస్థితీ అంతంత మాత్రమే.

పాస్టరుగారు తల అటూ ఇటూ తిప్పారు.

"ఏమ్మా, ఏం బాబూ, ఇద్దరూ ఉలకరు పలకరు? నాకు కనిపించదు కదా, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నోటితో చెప్పండి!"