మూడొందల పద్దెనిమిది మంది

"ఈ ఫోటోలో మిషన్ చక్రం ఎడమవైపు ఉందేంటండీ?"

మా అమ్మాయి ఆ అబ్బాయితో మాట్లాడిన మొదటి మాట ఇదే. పలకరింపు లేదు, నవ్వు లేదు. తడిసిన గొడుగైనా ముడవకుండా ఎదురు ఫోటో స్టూడియోలోకి వెళ్ళి ఫోన్ అతని ముక్కు ముందు పెట్టింది. నేను వెనకాలే పరిగెత్తాను. వీధికి కొత్తగా వచ్చిన మనిషి, ఎలాంటివాడో ఏమో, తిరగబడి అరుస్తాడేమో అని నా భయం నాది.

మాది కుట్టు మిషన్లు బాగుచేసే షాపు. మావారు పోయాక ఆయన స్క్రూడ్రైవర్లు అమ్మాయి చేతికొచ్చాయి. ఎదురుగా నెల క్రితం స్టూడియో పెట్టిన ఈ అబ్బాయి, మా కిటికీలో ఉన్న పాత మిషన్‌ని ఫోటో తీసి తన పేజీలో పెట్టుకున్నాడు.

అతను ఫోన్ చూసి నవ్వాడు. "మా అద్దంలో పడ్డ నీడని తీశానండీ, తిరగబడింది. అయినా చూడండి, నాలుగొందల లైకులు. అందరూ సూపర్ అన్నారు."

"నాలుగొందల మందిలో ఒక్కరికీ కనబడలేదా? చక్రం కుడివైపు కదా ఉండాలి!"

"నాకు పదకొండు వేల మంది ఫాలోయర్లండీ. మీకు?"

"మూడొందల పద్దెనిమిది."

"అయ్యో" అన్నాడు జాలిగా. ఆ జాలికి మా పిల్ల ముక్కు ఎర్రబడింది.

"మా గ్రూపులో చేరండి. ఏడొందల పైన ఉన్నాం. మీరు మమ్మల్ని ఫాలో చేస్తారు, మేం మిమ్మల్ని చేస్తాం. వారం తిరక్కుండా వెయ్యి దాటిస్తాను."

"వాళ్ళకి మిషన్లున్నాయా?"

"ఎందుకుంటాయి?"

"మరి నా వీడియోలు ఏం చేసుకుంటారు, నెత్తిన పెట్టుకుంటారా?"

గొడుగు ఒక్క దులుపు దులిపి వచ్చేసింది. నీళ్ళన్నీ అతని చొక్కా మీదే పడ్డాయి. అతను తుడుచుకోవడం మరిచిపోయి అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు చూసి నాకు ఇంకో భయం పట్టుకుంది.

మర్నాటి నుంచి అతనికి మా షాపులో పనులు పుట్టుకొచ్చాయి. కెమెరా స్టాండు మర వదులైందని ఒకరోజు, స్టూడియో తెర చిరిగిందని ఒకరోజు.

"నిన్న బాగానే ఉందే ఈ తెర?"

"నిన్నటిదాకా చిరగలేదండీ."

"కత్తెర పెట్టినట్టు ఇంత తిన్నగా చిరిగిందా?"

అతను పైకప్పు వైపు చూశాడు. అమ్మాయి తల వంచుకునే కుట్టింది గానీ, పెదవి చివర నవ్వు నాకు కనబడనే కనబడింది.

అప్పుడే ఒక కుట్టు స్కూలు నుంచి కబురొచ్చింది. ఆన్‌లైన్‌లో మిషన్ రిపేరు పాఠాలు చెప్పడానికి మనిషి కావాలట. మా అమ్మాయి వీడియోలు నచ్చాయట. ఒకటే షరతు, నెలాఖరుకి వెయ్యిమంది ఫాలోయర్లుండాలి. నాన్న నేర్పిన పని నలుగురికీ నేర్పాలన్నది దాని చిన్ననాటి కోరిక. ఆ రోజంతా షాపులో కూనిరాగం ఆగలేదు.

"చేరవే ఆ గ్రూపులో" అన్నాను.

"చేరను. సూది ఎందుకు విరుగుతోందని ఒకావిడ అడుగుతుంది. నేను చెప్తాను. మిషన్ నడిచాక ఆవిడ వాళ్ళ చెల్లెల్ని తీసుకొస్తుంది. నా పేజీ అలా పెరగాలి."

"అలా పెరిగేసరికి నెలాఖరు వెళ్ళిపోతుందే తల్లీ!"

"వెళ్ళనీ."

ఆ "వెళ్ళనీ" నా గుండెల్లో గుచ్చుకుంది. ఈ అవకాశం పోతే మళ్ళీ వస్తుందా? పిల్ల జీవితమంతా నూనె మరకల మధ్యే గడిచిపోతుందా? మర్నాడు అది స్నానానికి వెళ్ళగానే దాని ఫోన్ పట్టుకుని స్టూడియోకి వెళ్ళి, గ్రూపులో చేర్చమన్నాను.

"ఆవిడ ఒప్పుకున్నారా ఆంటీ?" రెండుసార్లు అడిగాడు.

"ఒప్పుకుంది బాబూ. అడగడానికి మొహమాటపడి నన్ను పంపింది."

అతని ముఖం ఎందుకో వాడిపోయింది. అయినా నేను అడిగినట్టే చేసిపెట్టాడు.

రెండు రోజుల్లో వెయ్యీ నలభై. మొక్కుకోని దేవుడు లేడు, ఆ రెండు రోజులూ అమ్మాయి పేజీ తెరవకూడదని. షాపులో పని ఎక్కువై తెరవలేదు కూడా. మూడోనాడు తెరిచింది.

తుప్పు పట్టిన బాబిన్ వీడియో కింద వరసగా "సూపర్ సిస్", "నైస్ పిక్". వాటి మధ్య ఎక్కడో ఒకావిడ రాసింది: "దారం తెగిపోతోందమ్మా, రేపటికి పన్నెండు జతలు కుట్టివ్వాలి, త్వరగా చెప్పు." అది రాసి రెండు రోజులైంది.

అమ్మాయి ముఖం తెల్లబోయింది. సరాసరి వీధి దాటింది. నేనూ పరిగెత్తాను.

"ఇది మీ పనేనా?"

అతను ఒక్క క్షణం నా వైపు చూశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నా పనేనండీ. సారీ."

"మా గుమ్మం మళ్ళీ ఎక్కకండి."

నోరు తెరవాల్సింది నేను. తెరవలేదు.

ముందు ఆ దారం తెగినావిడకి క్షమాపణ చెప్పి జవాబు రాసింది. తర్వాత మధ్యాహ్నమంతా కూర్చుని ఏడొందల ఇరవై రెండు మందినీ ఒక్కొక్కరినే తీసేసింది. ఆఖరున అతని పేరు మిగిలింది. వేలు కాసేపు గాల్లో ఆగింది. నొక్కేసి, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

ఇక నావల్ల కాలేదు. "ఫోను ఇచ్చింది నేనే. నువ్వు ఒప్పుకున్నావని అబద్ధం చెప్పాను. ఆ అబ్బాయికేం తెలియదు."

"ఎందుకమ్మా?"

"భయమేసింది. నీ వెనక ఎవరూ లేరేమోనని."

నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి వానలోకే వెళ్ళిపోయింది. జలుబు చేస్తుంది, జ్వరమొస్తుంది, గొడుగు తీసుకుని వెంటపడ్డాను. స్టూడియో తలుపు పక్కన ఆగాను. వినకూడదనే అనుకున్నాను. వినబడింది.

"తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారు?"

"మీరడిగినప్పుడు ఆంటీ చేతులు వణుకుతున్నాయండీ. అయినా మిమ్మల్నే అడగాల్సింది. అడగకపోవడం నా తప్పే."

"అవును, మీ తప్పే" అంది మా పిల్ల. క్షమాపణ చెప్పడానికి వెళ్ళిన మనిషి!

"మీరు ఒప్పుకున్నారంటే నిజానికి బాధేసింది. ఇంతమందిలో కాదన్నది మీరొక్కరే కదా అనుకుంటూ ఉండేవాణ్ణి." మళ్ళీ అతనే అన్నాడు: "నా పేజీ ఇప్పుడే తీసేశానండీ. పోయిన వారం స్టూడియో ఫోన్ నంబరు పొరపాటున తప్పు పెట్టాను. మూడొందల మంది సూపర్ అన్నారు. నంబరు తప్పని చెప్పినవాడు లేడు."

అమ్మాయి ఫక్కున నవ్వింది. అతనూ నవ్వాడు. గొడుగు నా చేతిలోనే ఉంది, ఇద్దరికీ అక్కర్లేకపోయింది.

రెండు రోజులకి స్కూలు మేడమ్ ఫోన్ చేసింది. "మొన్న వెయ్యి దాటారు కదా, ఇప్పుడు మూడొందల పంతొమ్మిదేంటి?"

"ఆ పెరిగినవాళ్ళు నావాళ్ళు కాదు మేడమ్, తీసేశాను. తీసేశాక ఒకరు పెరిగారు."

"మా రూలు మీకు తెలుసుగా. వేరేవాళ్ళని తీసుకోవాల్సొస్తుంది."

"తీసుకోండి. పాఠం మాత్రం ఆదివారం పదకొండింటికి మా షాపులోంచి నా పేజీలో లైవ్‌గా నేనే చెప్తాను. అడ్డుకునే రూలేమైనా ఉందా మేడమ్?"

ఆదివారానికి ఎన్ని రోజులుందో నేను క్యాలెండర్‌లో లెక్కపెట్టుకున్నాను.

ఆదివారం వచ్చింది. ఎవరూ రారు, కరెంటు పోతుంది, సూది వేలిలో దిగుతుంది, అన్నీ ఊహించేసుకున్నాను. మర బిగించిన స్టాండుతో స్టూడియో అబ్బాయి కెమెరా పెట్టాడు. సరిగ్గా పదకొండింటికి చూస్తున్నవాళ్ళు ఇద్దరు.

"అందులో ఒకటి మీ ఫోనే కదా? కట్టేయండి."

"నేను చూడకూడదా?"

"కెమెరా పట్టుకున్నవాళ్ళు లెక్కలోకి రారు."

ఒకటైంది. ఆపేద్దామా అన్నట్టు నేను అబ్బాయి వైపు చూశాను. అమ్మాయి మాత్రం ఆ ఒక్కరికే నమస్కారం పెట్టి మిషన్‌లోంచి షటిల్ విప్పడం మొదలుపెట్టింది. ఒకటి తొమ్మిదైంది. తొమ్మిది నలభై అయింది. దారం తెగినావిడ రాసింది: "ఆ రోజు పక్కింటి మిషన్ మీద గట్టెక్కానమ్మా. ఇవాళ నేర్చుకుని తీరతా, మా వీధివాళ్ళు పదిమందీ నా చుట్టూ కూర్చున్నారు." తొంభై నాలుగు దగ్గర ఆగింది. గంటసేపు ఒక్కరూ కదల్లేదు. చివర్లో ఆ స్కూలు పేజీ నుంచే ఒక ప్రశ్న వచ్చింది, కింది దారం ఎందుకు ముడిపడుతోందని. అందరికీ చెప్పినట్టే వాళ్ళకీ చెప్పింది.

కెమెరా ఆపాక అతను తన ఫోన్ చూపించాడు. "కొత్త పేజీ మొదలుపెట్టాను. ఒకటే ఫోటో. ఫాలోయర్లు సున్నా."

ఫోటోలో మిషన్ మీద మా అమ్మాయి చేతులు. అమ్మాయి ఫోన్ దగ్గరికి లాక్కుని చూసింది.

"చక్రం కుడివైపే ఉంది."

"నాలుగుసార్లు చూసుకున్నాను."

"ఫాలో చేస్తాను. ఫోటో బాగుంది కాబట్టి, ఇంకెందుకూ కాదు." నొక్కి తలెత్తింది. "నాకు పెరిగిన ఆ ఒక్కరూ నువ్వేగా? మిషన్ లేనివాడికి నా వీడియోలెందుకు?"

"చేతులు కనబడతాయి కదా."

'మీరు' పోయి 'నువ్వు' ఎప్పుడొచ్చిందో నేను గమనించనే లేదు. అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి.

"మా అమ్మకి చెప్పాను. ఒకమ్మాయి నా తప్పు పట్టిందని, ఎప్పటికీ పడుతూ ఉంటే బాగుంటుందని."

"బోలెడు చేస్తావు మరి."

"అందుకే అడుగుతున్నా."

అది నా వైపు తిరిగింది. "అమ్మా?"

భయపడటానికి కారణాలు వెతికాను. కావలసినన్ని దొరికాయి. ఈ కుర్రాడు నిలబడతాడా, ఈ స్టూడియో నడుస్తుందా, వాళ్ళమ్మ ఎలాంటిదో! కానీ నా అబద్ధం తన నెత్తిన వేసుకున్నప్పటి అతని ముఖం గుర్తొచ్చింది.

"మీ అమ్మగారిని తీసుకురా బాబూ" అన్నాను. "ముందు టీ తాగు."

తర్వాత నా ఫోన్ అతనికే ఇచ్చాను. ఏది నొక్కితే ఏమైపోతుందోనని ఇన్నాళ్ళూ నా కూతురి పేజీని నేనే ఫాలో చేయలేదు. అతను చోటు చూపించాడు. కళ్ళు మూసుకుని నొక్కాను. ఏమీ పేలలేదు.

"తిరిగి నేను నిన్ను ఫాలో చేయనమ్మా, ముందే చెప్తున్నా" అంది మా అమ్మాయి.

"నిన్నెవరు అడిగారే?" అన్నాను.