తెడ్డు పట్టిన బొంగరం

మధ్యాహ్నానికి వంటింట్లో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. నేల మీద టమాటా బుట్టలు, బల్ల మీద టమాటా తొక్కలు, తాతయ్య చొక్కా మీద టమాటా మరకలు. అమ్మమ్మ పెరట్లో పెంచిన పంటంతా ఒకేసారి పండి కూర్చుంది. అక్షరాలా ఇరవై కిలోలు! ఇవాళ సాస్ చేసేయకపోతే సగం కుళ్ళిపోతాయి.

"పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారు?" అంది అమ్మమ్మ.

"నేను!" అంది బొంగరం.

ఆ పిల్లకి పదేళ్ళు. ఒక్కచోట కాలు నిలవదు. అందుకే తాతయ్య ఆ పేరు పెట్టాడు. అసలు పేరుతో పిలిచేది బళ్ళో టీచరొక్కతే.

తాతయ్య పకపకా నవ్వాడు. "నువ్వా? గంటసేపా? ఒక్కచోటా?"

"చూస్తూ ఉండు తాతయ్యా!"

అమ్మమ్మ పొడుగాటి చెక్క తెడ్డు ఆమె చేతికిచ్చింది. "మంట సన్నగా పెట్టాను. తెడ్డు అడుగుదాకా పోవాలి. ఆపకూడదు. చెయ్యి నొప్పెడితే నన్ను పిలువు."

పెద్దవాళ్ళిద్దరూ మిగతా టమాటాలు కడగడానికి పెరట్లోకి వెళ్ళారు.

గిన్నె ఎంత పెద్దదంటే, అందులో చంటిపిల్లాడికి స్నానం చేయించొచ్చు. సాస్ బుడబుడమంటూ ఉడుకుతోంది. వెల్లుల్లి వాసన ఘుమఘుమలాడుతోంది. ఇంత పెద్ద పని తన చేతిలో పెట్టారు! బొంగరానికి నేల మీద కాళ్ళు ఆనడం లేదు. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలి కదా!

కిటికీలోంచి పక్కింటి పిల్ల కనిపించింది. బొంగరం తెడ్డు వదిలేసి ఒక్క గెంతులో కిటికీ దగ్గరికి చేరింది.

"మా ఇంట్లో సాస్ నేనే చేస్తున్నా తెలుసా!"

"ఒక్కదానివేనా?"

"ఆ, ఒక్కదాన్నే! ఇరవై కిలోలు!"

అలా మొదలైన కోతలు ఎంతసేపు సాగాయో ఆమెకే తెలీదు. ముక్కుకి ఏదో మాడు వాసన తగిలింది.

పరుగున వచ్చి తెడ్డు పెట్టింది. అడుగున ఏదో గట్టిగా తగిలింది. తెడ్డు పైకి తీస్తే కొసన నల్లటి పెచ్చు అంటుకుని ఉంది.

గట్టిగా గీకి కలిపేస్తే? ఇంకాస్త ఉప్పూ కారం వేసేస్తే? ఎవరికి తెలుస్తుంది?

కిటికీ అవతల అమ్మమ్మ ఒక్కో టమాటానీ చేత్తో రుద్ది, తడి తుడిచి బుట్టలో పెడుతోంది.

"అమ్మమ్మా!" బొంగరం కిటికీలోంచి కేకేసింది. "అడుగంటింది! నేను తెడ్డు వదిలేసి కబుర్లు చెప్తూ కూర్చున్నాను!"

అమ్మమ్మ తడి చేతులతోనే వచ్చి పొయ్యి ఆపేసింది. "గీకావా?"

"లేదు."

"హమ్మయ్య! గీకి ఉంటే గిన్నెడు సాసూ మాడు కంపు కొట్టేది."

అమ్మమ్మా తాతయ్యా కలిసి పైన ఉన్న సాస్‌ని మెల్లగా ఇంకో గిన్నెలోకి తోడారు. అమ్మమ్మ చెంచాతో రుచి చూసి తలూపింది. బాగానే ఉంది. అడుగున మాత్రం నాలుగు సీసాలకి సరిపడా సాస్ బొగ్గయిపోయింది.

బొంగరం కళ్ళనిండా నీళ్ళు. తాతయ్య ఈసారి నవ్వలేదు. అమ్మమ్మ తెడ్డు కడిగి ఆమె ముందుకు చాపింది.

"మిగతా టమాటాలతో ఇంకో గిన్నె పెట్టాలి. కలుపుతావా?"

బొంగరం కళ్ళు తుడుచుకుని తెడ్డు అందుకుంది.

పావుగంట. అరగంట. కుడిచెయ్యి లాగితే ఎడమచెయ్యి. అదీ లాగేసరికి, "అమ్మమ్మా, కాస్త పట్టుకోవా," అని పిలిచింది. ఐదు నిమిషాలాగి మళ్ళీ తనే తీసుకుంది. పల్చటి రసం చిక్కబడి, తెడ్డు వెంట దారులు పడేదాకా కదల్లేదు.

సాయంత్రం అమ్మ ఆఫీసునుంచి వచ్చేసరికి బల్ల మీద పద్నాలుగు సీసాలు ఎర్రగా మెరుస్తున్నాయి. అమ్మ వేలితో గిన్నె అంచు తుడిచి నోట్లో పెట్టుకుంది.

"అబ్బ! ఎవరు చేశారు?"

"ఇంకెవరు? మన బొంగరమే!" అన్నాడు తాతయ్య, తనే చేసినంత గొప్పగా.

బొంగరం మొహం చాటంతయింది. కానీ తల అడ్డంగా ఊపింది.

"అందరం చేశామమ్మా. మొదటి గిన్నె నేను మాడ్చాను కూడా." రెండో గిన్నెని రెండు చేతులతో పట్టుకుని అమ్మ వైపు వంచింది. "దీని అడుగు మాత్రం చూడు!"

అడుగున ఒక్క నల్ల మచ్చ లేదు.