తడవని బూట్లు

పిల్లలు ఒక బొమ్మ ముందు రెండు నిమిషాలకు మించి నిలబడరన్నది పెద్దల్లో బాగా పాతుకుపోయిన నమ్మకం. ఆధారమేమిటని అడిగితే ఎవరికి వారు తమ పిల్లల్ని చూపిస్తారు. తామెంతసేపు నిలబడ్డారో మాత్రం చెప్పరు.

గడియారాలు బాగుచేసే తమ్ముడికీ ఈ నమ్మకం దండిగా ఉంది. ఆ ఆదివారం అక్క తన ఇద్దరు ఆడపిల్లలకు నగరంలోని చిత్రశాల చూపించాలని బయలుదేరి, రెండు గంటల రైలు ప్రయాణానికి అతన్నీ లాక్కొచ్చింది. బయట వాన. లోపల అడుగుపెడుతూనే అతను గొడుగు దులిపి, "ఎందుకక్కా ఈ తిప్పలు? రెండు నిమిషాల్లో ఇద్దరూ ఐస్‌క్రీమ్ అంటారు," అన్నాడు.

"కొలిచి చెబుతున్నారా, తోచి చెబుతున్నారా?"

అడిగింది మెడలో గైడ్ కార్డు వేసుకున్న అమ్మాయి. అతని గొడుగు నీళ్ళు సగం ఆమె చేతిలోని కాగితాల మీదే పడ్డాయి. ఆమె చూపు అతని చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న భూతద్దం మీద ఉంది. "చూస్తే గడియారాల మనిషిలా ఉన్నారు," అని కూడా అంది.

సెకను సెకనుకీ లెక్క చెప్పే మనిషి కొలవని మాట అని దొరికిపోయాడు. అక్క సంతోషం దాచుకోలేదు. "బాగా అడిగావమ్మా. వీడికి ప్రశ్నలేయడమే గానీ జవాబు చెప్పే అలవాటు లేదు."

గైడ్ తన గొడవ చెప్పుకుంది. పిల్లల కోసం ఆదివారాల్లో ఆమె నడిపే గంటసేపటి కార్యక్రమం దండగని పైఅధికారి అభిప్రాయం. ఒక్క పిల్లయినా ఒక బొమ్మ ముందు ఏకబిగిన పది నిమిషాలు నిలబడిందని బయటివాళ్ళు కొలిచి సంతకం చేస్తే సరి. లేకుంటే వచ్చే నెల నుంచి ఆమె టికెట్ల కిటికీ వెనక కూర్చోవాలి.

"మీరే కొలవండి," అంది. "నమ్మేవాళ్ళ చేతిలో గడియారం ముందుకు పరిగెడుతుంది."

అతను జేబులోంచి స్టాప్‌వాచ్ తీశాడు.

గోడంత బొమ్మ. వానలో పడవల రేవు, గొడుగుల కింద నలభై మంది. గైడ్ పేర్లూ తేదీలూ చెప్పలేదు. పిల్లల పక్కన నేల మీద చతికిలబడి, "వీళ్ళలో ఒకాయన అబద్ధమాడుతున్నాడు. ఎవరో పట్టుకోండి," అంది.

నాలుగు నిమిషాలకు పెద్దది, అబద్ధాలాడేవాళ్ళు తన క్లాసులోనే బోలెడుమంది ఉన్నారని చెప్పి, తల్లి పక్కన బెంచీ ఎక్కింది. చిన్నది బొమ్మ ముందు కట్టిన తాడు దాటకుండా ఎంత వంగవచ్చో అంతా వంగి, ఒక్కొక్క మొహాన్నీ విచారించింది. సరిగ్గా తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లకు, "మామయ్యా, బాత్రూమ్," అంది.

అతను మీట నొక్కాడు.

"ఇంకో నలభై సెకన్లే కదండీ," అంది గైడ్ మెల్లగా.

"అవును. కానీ పది కాదు."

ఆమె అంకె వేసుకుంది. పెన్నుకు మూత పెట్టబోతే రెండుసార్లు తప్పింది. అది చూసి అతను స్టాప్‌వాచ్ ముల్లును మళ్ళీ సున్నాకు తెచ్చాడు.

అంతలో చిన్నది బాత్రూమ్ నుంచి నేలంతా తడి అచ్చులు వేస్తూ పరిగెత్తుకొచ్చింది. "గైడక్కా, నా బూట్లు చూడు, ఎలా తడిశాయో. ఆ గళ్ళకోటు ఆయన వానలో నడిచొచ్చినట్టు నిలబడ్డాడు గానీ, ఆయన బూట్లు పొడిగా ఉన్నాయి."

గైడ్ మొహం విప్పారింది. మూడేళ్ళుగా అందరూ మొహాలే చూశారనీ, బూట్లు చూసింది నువ్వేననీ చెప్పి, మరి ఆయన ఎక్కణ్ణుంచి వచ్చుంటాడని అడిగింది. చిన్నది కథ ఎత్తుకుంది. అతను మళ్ళీ మీట నొక్కాడు. తరువాత తడిని రంగులతో ఎలా చూపిస్తారని తనూ ఒక ప్రశ్న వేశాడు. ఆమె జవాబు చెప్పింది. దాని వెనకే ఇంకో ప్రశ్న వచ్చింది.

"చిన్నది ఐస్‌క్రీమ్ కూడా తినేసిందిరా," అంది అక్క వెనకనుంచి.

అతను స్టాప్‌వాచ్ ఆపాడు. ముల్లు ఇరవై ఆరు దాటింది. గైడ్ ఆశగా పెన్ను తీసింది.

"రాయకండి. ఈ కొలత చెల్లదు. అది ఎప్పుడు వెళ్ళిందో నేను చూడలేదు."

"పది నిమిషాలైనా ఉండే ఉంటుందిగా?"

"ఉండవచ్చు. చూడనిదానికి సంతకం పెట్టలేను."

"మరి ఏం చూస్తున్నారు?"

అక్క సర్దుకుని కూర్చుంది. అతను గళ్ళకోటు ఆయన వైపు ఒకసారి చూశాడు.

"మిమ్మల్ని," అన్నాడు.

గైడ్ కాగితాలు సర్దడం మొదలుపెట్టింది. సర్దినవే మళ్ళీ సర్దింది. "కొలిచి చెబుతున్నారా, తోచి చెబుతున్నారా?"

"ఇరవై ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు."

పరీక్ష మళ్ళీ పెట్టాలని ఆమే తేల్చింది. నెలాఖరుకు ఇంకో ఆదివారం ఉంది.

ఆ ఆదివారం స్టాప్‌వాచ్ అక్క చేతిలో ఉంది. గైడ్ పిల్లలకు ప్రశ్న వేయగానే, ఆమెనూ తమ్ముణ్ణీ అక్క హాలు బయట నిలబెట్టింది. చిన్నది ఇంకో బొమ్మ ముందు పద్నాలుగు నిమిషాల అయిదు సెకన్లు నిలబడింది. అక్క సంతకం చేసింది. కార్యక్రమం కొనసాగింది.

ఆరు నెలల తరువాత రిజిస్టరు ఆఫీసులో అక్క మళ్ళీ సంతకం చేసింది, ఈసారి పెళ్ళి సాక్షిగా. అక్కడ పెద్దదీ చిన్నదీ నాలుగు నిమిషాలు నిలబడి, ఐస్‌క్రీమ్ అడిగారు.